అరుగు మీద నిమ్మకాయ

రండి, ఇలా హీటరు దగ్గరగా జరిగి కూర్చోండి. ఏప్రిల్ వచ్చినా మినియాపోలిస్‌లో దాన్ని ఆపే ధైర్యం ఇంకా రాలేదు. కాఫీ కలుపుతున్నాను. ఇంతకీ లోపలికి వస్తూ మెట్లు చూశారా? చూసి ఉండరు. పోయినేడాది ఈపాటికి మా ఇంటికి ఎవరొచ్చినా తల దించుకుని, కాలు ఎక్కడ పెట్టాలో వెతుక్కుంటూ ఎక్కేవాళ్ళు. మీరు మాత్రం నా మొహం చూస్తూ, పలకరిస్తూ ఎక్కి వచ్చేశారు. నాకు అదే సంతోషం. ఆ కబురే ఇవాళ చెప్పాలి.

మా ఇల్లు 1926లో కట్టింది. ఊరికి దక్షిణాన, నొకోమిస్ చెరువుకి నడిచి వెళ్ళేంత దూరం. ఈ చుట్టుపక్కల అన్నీ ఇలాంటి ఇళ్ళే. కింద నేలమాళిగ, పైన చిన్న ఇల్లు, గుమ్మం ముందు కాంక్రీటు అరుగు, దానికి మెట్లు. పోస్టుమాన్ ఇప్పటికీ ఒక్కో ఇంటి మెట్లెక్కి ఉత్తరాలు డబ్బాలో వేసి దిగి వెళ్తాడు. ఇల్లు కొనేటప్పుడు పైకప్పు చూశాం, ఫర్నేసు చూశాం, కరెంటు తీగలు చూశాం. మెట్ల అంచులు గుండ్రంగా అరిగి ఉంటే, వందేళ్ళ ఇల్లు కదా, అరగవూ అనుకున్నాం.

మొదటి చలికాలం వెళ్ళేసరికి రెండో మెట్టు పైపొర పెచ్చులుగా లేచింది. మరుసటి ఏడు లోపలి కంకర పళ్ళలా బయటపడింది. మావారు మరమ్మతు సిమెంటు బస్తా తెచ్చి, శుభ్రంగా కడిగి, శ్రద్ధగా అర అంగుళం మందాన పూశారు. అక్టోబరులో పూసింది మార్చిలో అప్పడంలా లేచి వచ్చింది. మళ్ళీ పూశారు. ఈసారి అంచు మాత్రమే ఊడింది గానీ మధ్యలో తడితే కింద ఖాళీ ఉన్నట్టు చప్పుడు. అలా మూడేళ్ళు గడిపాం.

మే నెలలో అమ్మా నాన్నా వచ్చారు. నాన్న బాపట్లలో రోడ్లు భవనాల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. వచ్చిన మూడోరోజు అమ్మ దిగబోతూ రెండో మెట్టు దగ్గర తూలింది. నేను పట్టుకున్నాను కాబట్టి సరిపోయింది. అసలే మోకాళ్ళ నొప్పుల మనిషి. నాన్న ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్నే నా దగ్గర టేపు, సుత్తి అడిగి తీసుకుని బయటికి వెళ్ళారు.

కాసేపటికి "అమ్మలూ, ఓ నిమ్మకాయ పట్రా" అని కేక. పులిహోరకి తీసిపెట్టిన వాటిలోంచి ఒకటి తీసుకెళ్ళి ఇచ్చాను. అరుగు మధ్యలో పెట్టి వదిలారు. అది నెమ్మదిగా దొర్లి, వచ్చి గుమ్మానికి ఆనింది.

"చూశావా? వాటం లోపలికి ఉంది. వాన నీళ్ళు వీధిలోకి పోకుండా మీ ఇంటి గోడలోకి పోతున్నాయి. కింద గోడ చెమ్మగా ఉందన్నావు కదూ?"

ఉంది. నేలమాళిగలో సరిగ్గా ఆ మూలే ప్రతి వసంతంలో తడి మరక తేలుతుంది. దాన్నీ మెట్లనీ కలిపి చూడాలని నాకెప్పుడూ తట్టలేదు.

దీనికి కారణం వందేళ్ళ నాటిది. నేలమాళిగ కోసం ఇంటి కొలత కంటే పెద్ద గొయ్యి తవ్వుతారు. గోడలు లేచాక చుట్టూ మిగిలిన సందుని తవ్విన మట్టితోనే పూడుస్తారు. పాత రోజుల్లో దాన్ని పొరలు పొరలుగా దిమ్మిస కొట్టి గట్టిపరచిన వాళ్ళు తక్కువ. మెట్ల అరుగు వచ్చి కూర్చునేది సరిగ్గా ఆ గుల్ల మట్టి మీదే. ఏళ్ళు గడిచేకొద్దీ మట్టి కుంగుతుంది, అరుగు ఇంటివైపు ఒరుగుతుంది. ఒరిగిన అరుగు నీళ్ళని గోడ పక్కకే పంపుతుంది. ఆ నీళ్ళకి మట్టి మరింత కుంగుతుంది.

ఇక అమ్మ ఎందుకు తూలిందో నాన్న టేపు పెట్టి చూపించారు. మొదటి మెట్టు ఎత్తు 6 అంగుళాలు, రెండోది దాదాపు 8, మూడోది 7. పాదానికి ఒక లెక్క ఉంటుంది. మొదటి రెండు మెట్లతో అది కొలత పట్టేసుకుంటుంది, తర్వాత కళ్ళు చూడకపోయినా అదే ఎత్తున లేస్తుంది, దిగుతుంది. అందుకే ఇక్కడి ఇళ్ళ నిబంధనల్లో మెట్టు ఎత్తు 7¾ అంగుళాలు మించకూడదనీ, పాదం పెట్టే చోటు 10 అంగుళాలకి తగ్గకూడదనీ చెప్పి ఊరుకోలేదు. ఒకే మెట్ల వరసలో అన్నిటికంటే ఎత్తైన దానికీ పొట్టి దానికీ మధ్య తేడా ⅜ అంగుళం దాటకూడదన్నారు. మేము ప్రేమగా పూసిన ఆ అర అంగుళం మరమ్మతు ఆ తేడాని ఇంకా పెంచేసింది. మెట్టుని బాగుచేశామనుకుంటూ అమ్మ పాదానికి లెక్క తప్పించాం. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపులో కలుక్కుమంటుంది.

అసలు కాంక్రీటు ఎందుకు పెచ్చులూడుతుంది? చలికని నేనూ అనుకునేదాన్ని. కానీ జనవరిలో, సంక్రాంతి రోజుల్లో ఇక్కడ మైనస్ ఇరవై అయిదుకి పడిపోయినప్పుడు మెట్లు పెద్దగా చెడవు. గడ్డకట్టింది గడ్డకట్టినట్టే వారాల తరబడి ఉండిపోతుంది. మెట్లని తినేది ఉగాది వాతావరణం. మార్చిలో మధ్యాహ్నం ఎండకి మంచు కరిగి నీళ్ళు మెట్ల ఒంట్లోకి ఇంకుతాయి, రాత్రి మళ్ళీ గడ్డకడతాయి. మర్నాడు మళ్ళీ అదే. నీరు గడ్డకడితే 9 శాతం ఉబ్బుతుంది. కాంక్రీటులో కంటికి కనపడని రంధ్రాలు బోలెడు. అవి కొంత ఖాళీగా ఉంటే ఉబ్బిన మంచుకి చోటు దొరుకుతుంది. నూటికి తొంభై పాళ్ళు పైగా నిండిపోయి ఉంటే ఎక్కడికీ పోలేక లోపలినుంచి పగలదీస్తుంది. అంటే చలి ఎంతన్నది కాదు, చలి వచ్చేసరికి ఒంట్లో ఎంత నీరుంది, ఎన్నిసార్లు గడ్డకట్టి కరిగింది అన్నదే లెక్క.

ఇక్కడొక ముచ్చట చెప్పాలి. 1930ల్లో న్యూయార్క్ రాష్ట్రంలో వేసిన కాంక్రీటు రోడ్లలో కొన్ని ముక్కలు మిగతావాటికంటే ఎంతో బాగా చలిని తట్టుకున్నాయట. కారణం వెతికితే, ఆ సిమెంటుని మిల్లులో పొడి చేసేటప్పుడు తేలిగ్గా నలగడానికి పశువుల కొవ్వు కలిపారని తేలింది. ఆ కొవ్వు వల్ల కాంక్రీటులో సబ్బు నురగలాంటి చిన్న చిన్న గాలి బుడగలు పుట్టాయి. ట్రెవల్ పవర్స్ అనే పరిశోధకుడు 1940ల్లో దాని మర్మం విప్పాడు. గడ్డకట్టే నీరు తోసుకొచ్చే పోటుకి దగ్గర్లో ఒక ఖాళీ బుడగ ఉండాలి, అదీ ఒక మిల్లీమీటరులో అయిదోవంతు దూరం లోపలే. అప్పటినుంచి చలిదేశాల్లో బయటి కాంక్రీటుకి కావాలనే గాలి కలుపుతున్నారు, సుమారు 5 నుంచి 7 శాతం. మా మెట్లు ఆ సంగతి తెలియకముందు పోసినవి. వాటిలో ఆ బుడగలు లేవు.

ఈ కథ చెబితే నాన్నకి ఎంత సంబరమో! మన పాత కట్టడాల్లో గానుగ సున్నంలో బెల్లం నీళ్ళూ కరక్కాయ రసమూ కలిపేవాళ్ళు కదా, పెద్దవాళ్ళు ఏది కలిపినా ఊరికే కలపరమ్మా అన్నారు. ఆ కొవ్వు ఎవరూ అనుకుని కలిపింది కాదని చెప్పినా ఆయన సంబరం తగ్గలేదు.

మరి నాలుగు మెట్లుండగా రెండోదే ఎందుకు అంతలా పాడైంది? జవాబు కింద కాదు, పైన దొరికింది. గుమ్మం పైన చూరుకి నీటి కాలువ లేదు. ఉన్నది ఎప్పుడో ఊడిపోయి ఉంటుంది. కప్పు మీద కరిగిన మంచంతా ధారగా వచ్చి సరిగ్గా రెండో మెట్టు మీద పడేది. రాత్రికి అక్కడే గాజులా గడ్డకట్టేది. దాని మీద నేను గుప్పెళ్ళతో ఉప్పు చల్లేదాన్ని. ఉప్పు మంచుని కరిగించి ఆ ఉప్పునీటిని కాంక్రీటులోకి ఇంకిస్తుంది. ఉప్పు చేరిన కాంక్రీటు ఓ పట్టాన ఆరదు. గడ్డకట్టి కరిగే వంతులు కూడా పెరుగుతాయి. పైగా మామూలు రాతి ఉప్పు మైనస్ 9 దాటితే దాదాపు పనిచేయదు. పనిచేయట్లేదని ఇంకో గుప్పెడు వేస్తాం. అమ్మోనియం నైట్రేటు, అమ్మోనియం సల్ఫేటు ఉన్న మంచుమందులు మరీ ప్రమాదం. అవి కాంక్రీటుని రసాయనికంగానే తినేస్తాయి. సంచి వెనక ఏం రాశారో చదవకుండా కొనకండి. ఒక టీస్పూను ఉప్పు అయిదు గ్యాలన్ల నీటిని శాశ్వతంగా పాడుచేస్తుందని మిన్నెసోటా కాలుష్య నియంత్రణ సంస్థ చెబుతూనే ఉంటుంది. నేను చల్లినదంతా చివరికి పోయింది మేము సాయంత్రాలు కూర్చునే చెరువులోకే కదా. ఇప్పుడు మా ఇంట్లో ఇసుక బకెట్టు ఉంది.

అందుకని మెట్ల కంటే ముందు చూరుకి కాలువ, దానికి గొట్టం, ఆ గొట్టం నోరు ఇంటికి దూరంగా. "నీటికి దారి చూపించకుండా కొత్త మెట్లు పోస్తే ఇంకో పాతికేళ్ళకి మళ్ళీ ఇదే పని" అని నాన్న మొండికేశారు. ఆయన మాటే నెగ్గింది.

మొదట వచ్చి చూసిన కాంట్రాక్టరు ఒకాయన పాతదాని మీదే పైపొర వేసేస్తాను, ఒక్క రోజు పని అన్నాడు. ఖర్చూ తక్కువ చెప్పాడు. మావారు మొగ్గుచూపారు కూడా. కానీ కింద బోలుగా ఉన్నదాని మీద ఎంత మంచి పొర వేసినా ఏం లాభం? మెట్టు ఒళ్ళు గట్టిగా ఉండి, పైన మాత్రమే గీకినట్టు చెడితే అప్పుడు పైపూత న్యాయం. కుంగినా కాంక్రీటు గట్టిగా ఉంటే, కింద రంధ్రం చేసి నురగనో సిమెంటు మడ్డినో ఎక్కించి పైకి లేపేవాళ్ళున్నారు, అదీ మంచిదే. లోపల డొల్లగా ఉండే రెడీమేడ్ మెట్లు తెచ్చి పెట్టేవాళ్ళూ ఉన్నారు. మా అరుగు పైపూతకీ లేపడానికీ అందని స్థితికి పోయింది. మొత్తం తీసేయక తప్పలేదు.

తవ్వే ముందు ఇక్కడ 811కి ఫోన్ చేయాలి. డబ్బు తీసుకోరు. వాళ్ళొచ్చి నేల మీద రంగులు వేసి వెళ్తారు. గ్యాసుకి పసుపు, కరెంటుకి ఎరుపు, నీళ్ళకి నీలం. మా గ్యాసు గొట్టం అరుగుకి జానెడు దూరంలో పోతోందని అప్పుడు తెలిసింది. చదువరులు ఎవరైనా సొంతంగా గునపం పట్టాలనుకుంటే, దయచేసి ఈ ఫోన్ మాత్రం మానకండి.

పగలగొట్టిన రోజు నేను సెలవు పెట్టాను. ఘనపుటడుగు కాంక్రీటు దాదాపు 68 కిలోలు తూగుతుంది, కాబట్టి అది ఊరికే కదిలే వస్తువు కాదు. అయితే మా అరుగు నిండా కాంక్రీటు లేదు. చుట్టూ చిప్పలాంటి గోడ, లోపల విరిగిన ఇటుకలు, బొగ్గు కాల్చిన చిట్టెం, రాళ్ళు. వందేళ్ళ కిందట ఇల్లు వెచ్చబెట్టిన బొగ్గు తాలూకు బూడిద ఆ పగలు వెలుగులోకి వచ్చింది. అన్నిటికీ కింద, ఇంటి గోడ పక్కన, జానెడు ఖాళీ. మా అమ్మ అన్ని రోజులూ ఆ ఖాళీ మీదుగా ఎక్కి దిగింది.

మేస్త్రీ యాభై ఏళ్ళు దాటిన మనిషి, ఈ పనిలోనే పుట్టి పెరిగినవాడు. ఆయనకీ నాన్నకీ భాష కలవలేదు. చేతులతో, టేపుతో, నేల మీద పుల్లతో గీసిన గీతలతో మాట్లాడుకున్నారు. నాన్న అడిగిన మొదటి ప్రశ్నే "ఎంత లోతు?" మా కౌంటీలో పునాది అడుగు కనీసం 42 అంగుళాలు పోవాలి, రాష్ట్రం ఉత్తరాదిన అయితే 60. అంత లోతెందుకంటారా? గడ్డకట్టిన నేల పైకి లేస్తుంది. నీరు 9 శాతం ఉబ్బడం వల్లే లేస్తుందని చాలాకాలం అనుకున్నారు. దక్షిణ కరొలైనాలో స్టీఫెన్ టేబర్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1930లో దాన్ని కాదని రుజువు చేశాడు. గడ్డకడితే ఉబ్బకుండా ముడుచుకుపోయే బెంజీనుతో మట్టిని తడిపి చూసినా మట్టి లేచింది. అసలు జరిగేదేమంటే, సన్నటి ఒండ్రు మట్టి దీపపు వత్తి నూనెని పీల్చినట్టు కింది నీటిని పైకి లాగుతుంది, ఆ నీరు చలి హద్దు దగ్గర పలకలు పలకలుగా గడ్డకట్టి పేరుకుంటుంది. ఆ పలకలు మెట్లని ఎత్తేస్తాయి, వసంతంలో కరిగి బురదలోకి దింపేస్తాయి. నల్లరేగడి మీద ఇల్లు కట్టినవాళ్ళకి నేల కదలడం కొత్త కాదు, కాకపోతే మన దగ్గర ఎండా వానా చేసే పని ఇక్కడ మంచు చేస్తుంది.

అందుకని నాలుగు మూలలా 42 అంగుళాలు దాటి గుంతలు తవ్వి, నున్నటి అట్టగొట్టాలు దించి స్తంభాలు పోశారు. గొట్టం నున్నగా ఉంటే గడ్డకట్టిన మట్టి దాన్ని పట్టుకుని పైకి లాగలేదు. అరుగు కింద మట్టి తీసి కంకర వేసి, పొరపొరకీ దిమ్మిస కొట్టారు. ఇంటి గోడకీ కొత్త అరుగుకీ మధ్య అర అంగుళం తారు అట్ట పెట్టారు. రెండూ ఒకదాన్నొకటి లాక్కోకుండా ఎవరి కదలిక వాళ్ళు కదలాలి.

బయటి నడకదారి నుంచి గడప దాకా 35 అంగుళాలు. అయిదు ఎత్తులు, ఒక్కోటి 7. అరుగు గడప కంటే 7 అంగుళాలు కిందికి ఉంటే మంచు పేరుకున్నా తలుపుకి అడ్డం రాదు. అరుగు లోతు కూడా పెంచాం. పాతదాని మీద నిలబడి బయటి జాలీ తలుపు లాగితే వెనక్కి ఒక మెట్టు దిగాల్సి వచ్చేది. చేతుల్లో కూరల సంచీ, కింద మంచు, వెనక్కి అడుగు. ఇన్నేళ్ళు ఎవరూ పడకపోవడం మా అదృష్టం. ఇప్పుడు తలుపు తెరిచినా మనిషికి నిలబడే చోటుంది.

కటకటాల దగ్గర పాతవాళ్ళు చేసిన పొరపాటు మళ్ళీ చేయలేదు. ఇనుప కమ్మీలని కాంక్రీటులో పాతితే చుట్టూ సన్నటి సందులో నీరు చేరుతుంది, ఇనుము తుప్పు పడుతుంది, తుప్పు ఇనుము కంటే ఎన్నోరెట్లు ఉబ్బి మూలని విరగ్గొడుతుంది. కొత్తవి పలకలతో పైన బిగించాం. ఎత్తు 36 అంగుళాలు. అమ్మ పట్టు చూసి మరీ గుండ్రటి కమ్మీ ఎంచాం, చేతి తొడుగు వేసుకున్నా వేళ్ళు చుట్టూ అందేలా.

సెప్టెంబరు రెండో వారంలో కాంక్రీటు లారీ వచ్చింది. చీటీ మీద గాలి 6 శాతం అని ఉంటే నాన్నకి చదివి వినిపించాను. కుర్రాడొకడు మాలు సులువుగా జారాలని లారీలో నీళ్ళు పట్టబోయాడు. మేస్త్రీ, నాన్న ఇద్దరూ ఒకేసారి, ఒకరు ఇంగ్లీషులో ఒకరు తెలుగులో "వద్దు" అని అరిచారు. ఆ క్షణం నాకు భలే ముద్దొచ్చింది. బాపట్లలోనైనా మినియాపోలిస్‌లోనైనా కుర్రాళ్ళ ఆశ ఒకటే, ఇన్‌స్పెక్టర్ల కేకా ఒకటే.

ఒక్కచోట మాత్రం నాన్న నొచ్చుకున్నారు. ఆయన కంటికి మంచి గచ్చు అంటే తాపీతో రుద్ది రుద్ది, సిమెంటు పొడి చల్లి, మొహం కనపడేలా నున్న చేసింది. ఇక్కడ మేస్త్రీ పైకి తేలిన నీరు ఆరేదాకా చేయి పెట్టలేదు. ఆరాక ఒక్కసారి సర్ది, చీపురుతో అడ్డంగా గీతలు లాగేశాడు. తేలిన నీరుండగా రుద్దితే ఆ నీరంతా పైపొరలోకే పోయి అది బలహీనమవుతుంది, మొదటి చలికే ఊడుతుంది. నున్నటి మెట్టు మీద మంచు పడితే కాలూ నిలవదు. ఇదంతా నేను తెలుగు చేసి చెప్పాక నాన్న వంగి ఆ గీతల మీద అరచేయి రాసి చూసుకున్నారు. "సరే, ఇది వీళ్ళ చలికి తగ్గ గచ్చు" అన్నారు.

తర్వాత వారం రోజులు మెట్లు ఆయనవే. గోనెపట్టాలు పరిచి, పొద్దునా సాయంత్రం నీళ్ళు కొట్టడం, పైన ప్లాస్టిక్ కప్పడం. ఎదురింటి పెద్దాయన వచ్చి చూసి చూసి, చివరికి తన పూలమొక్కలకి నీళ్ళు చల్లే గొట్టం తెచ్చి ఇచ్చాడు. పోసేది సెప్టెంబరులోనే ఎందుకంటే, తడి పట్టడం అయ్యాక మంచు రాకముందే నెలరోజులైనా మెట్లు ఆరాలి. లోపలి రంధ్రాలు ఖాళీ అయ్యి చలికాలంలోకి అడుగుపెట్టాలి. మొదటి ఏడాది ఉప్పు అసలు తగలకూడదు.

అక్టోబరు చివర్లో వాళ్ళు వెళ్ళిపోయారు. వెళ్ళేరోజు అమ్మ కొత్త మెట్ల మీద బియ్యప్పిండితో చిన్న పద్మం ముగ్గు పెట్టింది. కమ్మీ పట్టుకుని, ఎవరి సాయమూ లేకుండా దిగి కారెక్కింది.

మొన్న ఉగాదికి ఇండియన్ స్టోర్లో దొరికిన నాలుగు మామిడాకులు గుమ్మానికి కట్టి, అరుగు మీద నిలబడి నాన్నకి వీడియో కాల్ చేశాను. పచ్చడి సంగతి కూడా అడగలేదు, "నిమ్మకాయ పెట్టి చూపించు" అన్నారు. పెట్టాను. అది వీధివైపు దొర్లి, మెట్లు దిగి, మంచులో పడింది. అటుపక్క అమ్మ నవ్వు వినపడింది. "ఇప్పుడు గోడ పక్కన కెమెరా పెట్టు" అన్నారు. తారు అట్ట మీద పూసిన సీలెంటు ఒకచోట వేలెడంత మేర విడిచి ఉంది. చలికి ముడుచుకుంది. మే నెల వచ్చి పగలూ రాత్రీ పది డిగ్రీలు దాటాక దాన్ని గీకి మళ్ళీ పూయాలి. సీలెంటు గొట్టం కొని తెచ్చి నేలమాళిగలో పెట్టాను. మీరు దిగేటప్పుడు ఎడమపక్క వంగి చూడండి, ఆ చీలిక కనపడుతుంది.